టీచర్, ఒంటికి వెళ్లాలి: అడిగే పిల్లలు, ఆపే రూలు, మధ్యలో తాళం వేసిన గది

లంచ్ బెల్ అయి అరగంట దాటింది. లెక్కల సార్ బోర్డు మీద సగం లెక్క చేశారు. మూడో బెంచీలోంచి చిటికెన వేలు లేస్తుంది. "ఇప్పుడే కదరా లంచ్ అయింది, అప్పుడేం చేశావ్?" అంటారు సార్. పిల్లాడి దగ్గర జవాబు ఉండదు. వేలు దించేసి కూర్చుంటాడు, లేదంటే కాళ్లు దగ్గరికి నొక్కుకుని కాసేపటికి మళ్లీ ఎత్తుతాడు. మన బడుల్లో చదువుకున్న ఎవరికైనా ఇది తెలిసిన దృశ్యమే.

సార్ అడిగిన ప్రశ్నకు నిజంగానే జవాబు ఉంది. సార్ విసుక్కోవడానికి కూడా నిజమైన కారణమే ఉంది. అందుకే ఈ గొడవ తరాలుగా తెగడం లేదు. అడిగితే పంపాల్సిందే అని తల్లిదండ్రులు అంటారు. అడిగిన ప్రతి ఒక్కరినీ పంపితే పాఠం ఎప్పుడు చెప్పాలి అని టీచర్లు అంటారు. నా ఉద్దేశంలో దీని మూలం క్లాసు బయట ఉంది: టైంటేబుల్‌లో, ట్యాంకులోని నీళ్లలో, తలుపు గడియలో, టాయిలెట్ కడిగే మనిషికిచ్చే జీతంలో. అక్కడి లోటంతా చివరికి వచ్చి టీచరుకూ పిల్లలకూ మధ్య పడుతోంది.

ముందు పిల్లల శరీరం సంగతి చూద్దాం.

పిల్లల మూత్రాశయం ఎంత పడుతుందో అంచనా వేయడానికి డాక్టర్లు వాడే సులువైన లెక్క ఒకటుంది. వయసుకు రెండు కలిపి 30తో గుణిస్తే మిల్లీలీటర్లు వస్తాయి. ఆరేళ్ల పిల్లాడికి సుమారు 240, ఎనిమిదేళ్ల పిల్లకు 300. పిల్లలు రోజుకు నాలుగు నుంచి ఏడు సార్లు వెళ్లడం మామూలే. తాగిన నీళ్లు వెంటనే మూత్రాశయంలోకి చేరవు. పేగుల్లోంచి రక్తంలోకి, రక్తంలోంచి కిడ్నీలకు వెళ్లి వడపోత జరగాలి. లంచ్‌లో తాగిన నీళ్లు, అన్నంలోకి పోసుకున్న సాంబారు, వాటి ప్రభావం తర్వాతి పీరియడ్‌లోనే తెలుస్తుంది. కడుపులో అన్నం పడగానే పెద్దపేగు కదలడం కూడా శరీర ధర్మమే. కొందరికి భోజనమైన కాసేపటికే రెంటికి రావడం అందుకే. బెల్ కొట్టినప్పుడు అవసరం లేని పిల్లాడికి అరగంటకే అవసరం రావచ్చు, అందులో అబద్ధమేమీ లేదు.

చిన్న తరగతుల్లో ఇంకో ఇబ్బంది. వెళ్లాలనిపించడానికీ ఇక ఆపుకోలేకపోవడానికీ మధ్య ఆ వయసులో వ్యవధి చాలా తక్కువ. ఆటలోనో బొమ్మ గీయడంలోనో మునిగిపోయిన పిల్ల మొదటి సంకేతాన్ని పట్టించుకోదు. గుర్తొచ్చేసరికి ఆఖరి నిమిషం అవుతుంది. ఒకటో తరగతి పిల్ల "అర్జెంట్ మిస్" అంటే అది నిజంగానే అర్జెంట్.

అప్పుడప్పుడు కాసేపు ఆపుకుంటే ఏమీ కాదు. రోజూ ఆపుకోవడమే ప్రమాదం. మూత్రాశయం ఒక కండరాల సంచి, దాని కింద మూసి ఉంచే కండరం ఒకటుంటుంది. వెళ్లేటప్పుడు సంచి బిగుసుకోవాలి, కింది కండరం వదులవ్వాలి. నెలల తరబడి బిగబట్టడం అలవాటైతే ఈ రెండింటి పొత్తు చెడుతుంది. తీరా టాయిలెట్‌కు వెళ్లినా కింది కండరం పూర్తిగా వదలదు. మూత్రం కొంత లోపలే మిగిలిపోతుంది, అందులో బాక్టీరియా పెరుగుతుంది. ఆడపిల్లల్లో మూత్రనాళం పొట్టిగా ఉంటుంది కాబట్టి ఇన్ఫెక్షన్లు వాళ్లకు ఎక్కువ. కొందరు ఆడపిల్లలు ఉన్నట్టుండి కింద కూర్చుని మడమతో నొక్కిపెట్టుకుంటారు. చూసేవాళ్లకు షూ లేసు కట్టుకుంటున్నట్టు ఉంటుంది. పిల్లల డాక్టర్లు మాత్రం దాన్ని చూడగానే గుర్తుపడతారు.

రెంటికి ఆపుకోవడం ఇంకా మొండి సమస్య. లోపల ఉండేకొద్దీ మలంలోని నీటిని పేగు పీల్చేసుకుంటుంది. గట్టిపడుతుంది, వెళ్లినప్పుడు నొప్పి పుడుతుంది, నొప్పికి భయపడి పిల్లాడు మళ్లీ ఆపుకుంటాడు. ఉబ్బిన పేగు పక్కనే ఉన్న మూత్రాశయాన్ని నొక్కుతుంది. అప్పుడు మాటిమాటికీ ఒంటికి వస్తుంది. కొన్నాళ్లకు గట్టిపడిన మలం పక్కనుంచి పలచటిది పిల్లాడికి తెలియకుండానే కారి బట్టలు ఖరాబవుతాయి. క్లాసులో ముక్కులు మూసుకుంటారు, ఇంట్లో "ఇంత పెద్దాడివయ్యావు" అని తిడతారు. ఆ పిల్లాడు కావాలని చేసింది ఏమీ లేదు. ఈ స్థితి నుంచి బయటపడటానికి నెలల తరబడి మందులు వాడాల్సి రావచ్చు.

ఇప్పుడు టీచర్ వైపు నుంచి చూద్దాం. వాళ్ల మాట కొట్టిపారేయదగ్గది కాదు. 45 నిమిషాల పీరియడ్, యాభై మంది పిల్లలు. ఒకరు లేస్తే వెనకాలే ఇంకో నలుగురికి గుర్తొస్తుంది. హోంవర్క్ నోట్సు చూసే పీరియడ్‌లోనే కొందరికి రోజూ వస్తుంది. ఇద్దరు స్నేహితులు పక్క సెక్షన్ వాడితో మాట్లాడుకుని ఒకే టైంకి బయటికి వస్తారు. పెద్ద తరగతుల మగపిల్లల్లో గుట్కా, సిగరెట్ సంగతులు టాయిలెట్ వెనకాలే బయటపడతాయి. వీటన్నిటికంటే బరువైనది బాధ్యత. చాలా బడుల్లో టాయిలెట్లు తరగతి గదులకు దూరంగా, ప్రహరీ గోడ వారగా ఉంటాయి. వానాకాలం గడ్డి పెరిగితే పాముల భయం. కొన్ని చోట్ల ప్రహరీయే ఉండదు, అవతల రోడ్డు. క్లాసు టైంలో బయటికి పంపిన పిల్లకు ఏదైనా జరిగితే అందరూ అడిగేది ఆ పీరియడ్ టీచర్‌నే. ఏకోపాధ్యాయ బడిలోనైతే ఒకటో తరగతి పిల్లను టాయిలెట్ దాకా తీసుకెళ్తే మిగతా నాలుగు తరగతులూ గాలికి వదిలేసినట్టే.

అందుకని "ఇంటర్వెల్‌లోనే వెళ్లాలి" అని రూలు పెడతారు. వినడానికి సబబుగానే ఉంటుంది. ఆ ఇంటర్వెల్ ఎంతమందికి సరిపోతుందో లెక్క వేస్తే అసలు విషయం తెలుస్తుంది.

పది నిమిషాల ఇంటర్వెల్ లెక్క

240 మంది ఆడపిల్లలున్న ఒక హైస్కూల్ అనుకుందాం. కేంద్ర ప్రభుత్వ స్వచ్ఛ విద్యాలయ మార్గదర్శకాల ప్రకారం దాదాపు 40 మందికి ఒక యూనిట్ ఉండాలి. యూనిట్ అంటే ఒక టాయిలెట్, మూడు యూరినల్స్. ఆ లెక్కన ఇక్కడ ఆరు టాయిలెట్లు, పద్దెనిమిది యూరినల్స్ కావాలి. మొత్తం పనిచేసేవి ఆరే ఉన్నాయనుకోండి. బెల్ కొట్టాక పుస్తకాలు సర్ది అక్కడికి చేరడానికి ఒక నిమిషం, తిరిగి రావడానికి ఒక నిమిషం. మిగిలింది ఎనిమిది నిమిషాలు. లోపలికి వెళ్లి, మగ్గుతో నీళ్లు పోసి, బట్టలు సర్దుకుని బయటికి రావడానికి ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. ఒక్కో గదికి నలుగురు, ఆరు గదులకు ఇరవై నాలుగు మంది. 240 మందిలో పదో వంతు.

మిగతా 216 మందిలో కొందరికి అవసరం ఉండదు. అవసరం ఉన్నవాళ్లు వరుసలో నిలబడి బెల్ కొట్టగానే వెనక్కి వస్తారు. "ఇంటర్వెల్‌లో ఏం చేశావ్" అన్న ప్రశ్నకు వాళ్ల జవాబు ఇదే, లైన్లో నిల్చున్నాను. ఇంటర్వెల్‌లో పట్టని జనమే క్లాసులో చేతులెత్తుతున్నారు. దాన్ని క్రమశిక్షణ లోపంగా చూసినంతకాలం రూలు ఎంత బిగించినా ఫలితం ఉండదు.

టైంటేబుల్‌ని పిల్లల రోజుతో కలిపి చూడాలి. ప్రైవేట్ స్కూల్ బస్సు ఏడింటికో ఏడున్నరకో ఇంటి ముందుకు వస్తుంది. నిద్ర లేపి, పాలు తాగించి, బస్సు ఎక్కించే హడావిడిలో రెంటికి వెళ్లే తీరిక ఉండదు. మొదటి ఇంటర్వెల్ పదిన్నర దాటాక. అంటే మూడు గంటలు. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలయ్యాక ఎండ వేడికి నీళ్లు ఎక్కువ తాగాలి, ఇంటర్వెల్ మాత్రం ఒకటే దొరుకుతుంది.

2019లో కేరళలో మొదలైన వాటర్ బెల్ ఆలోచన తర్వాత మన రాష్ట్రాలకూ వచ్చింది. గంట కొట్టి పిల్లలందరి చేతా నీళ్లు తాగించడం మంచి పద్ధతి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో 2023లో ఉదయం పూట రాగి జావ మొదలుపెట్టారు, అదీ మంచిదే. తాగినది బయటికి పోవడానికి కూడా బెల్ కావాలి కదా అన్న ఆలోచన మాత్రం పెద్దగా వినిపించలేదు. పైగా టాయిలెట్ బాగోలేని చోట పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, అసలు నీళ్లు తాగడమే మానేస్తున్నారు. పొద్దున తల్లి నింపి ఇచ్చిన బాటిల్ సాయంత్రం సగం నీళ్లతో ఇంటికొస్తోందంటే ఆ పిల్ల బడిలో టాయిలెట్‌కు వెళ్లడం లేదేమో అడిగి చూడండి.

గది ఉంది, వాడుకోవడానికి లేదు

కాగితం మీద చూస్తే పరిస్థితి బాగుంది. విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం ప్రతి బడిలో ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేర్వేరు టాయిలెట్లు ఉండాలి. 2012 అక్టోబరులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ ఆరు నెలల గడువిచ్చి వీటిని కట్టమంది. 2014 ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోట మీద ప్రకటించాక ఏడాదిలో లక్షల టాయిలెట్లు కట్టినట్టు లెక్క చూపించారు. ఇవాళ దేశంలో 97 శాతం బడుల్లో ఆడపిల్లల టాయిలెట్ ఉందని కేంద్రం గణాంకాలు చెబుతున్నాయి.

అదే టాయిలెట్ దగ్గరకు మనిషి వెళ్లి తలుపు తీసి చూస్తే? గ్రామీణ బడులకు వెళ్లి పరిస్థితి చూసే అసర్ (ASER) సర్వే చేసేది ఆ పనే. 2024లో ఆ సర్వే చూసిన గ్రామీణ బడుల్లో ఆడపిల్లలు వాడుకోగలిగే టాయిలెట్ ఉన్నవి 72 శాతం. మిగతా చోట్ల తాళం వేసో, పాడైపోయో ఉంది, కొన్ని చోట్ల అసలు లేనే లేదు. ప్రభుత్వ రంగ సంస్థలు బడుల్లో కట్టించిన టాయిలెట్లను ప్రభుత్వ ఖర్చుల లెక్కలు తనిఖీ చేసే కాగ్ నమూనాగా చూసి 2020లో నివేదిక ఇచ్చింది. అందులో 72 శాతం టాయిలెట్లలో కుళాయి నీళ్లు లేవు, 30 శాతం వాడకంలోనే లేవు. గోడలు కట్టడానికి ఒకసారి డబ్బులిస్తే చాలు. మోటార్ కాలిపోతే బాగుచేయించడానికీ, రోజూ కడగడానికీ ప్రతి నెలా డబ్బు కావాలి.

తాళం సంగతి విడిగా చెప్పాలి. సాయంత్రం బయటివాళ్లు వచ్చి పాడుచేస్తారని హెచ్ఎం తాళం వేయిస్తారు. ఆ భయం అబద్ధం కాదు. కానీ పొద్దున ఆ తాళం తీసే పని ఎవరిదో రాసి ఉండదు. అటెండర్ సెలవు పెట్టిన రోజు తాళంచెవి బీరువాలో, బీరువా తాళాలు హెచ్ఎం బ్యాగులో, హెచ్ఎం మండల మీటింగ్‌లో. ఆ రోజు బడిలో ఉన్న మూడు వందల మందికీ టాయిలెట్ లేనట్టే. చాలా చోట్ల మహిళా టీచర్లు కూడా ఇంటికి వెళ్లేదాకా ఆపుకుంటున్నారు. పిల్లల్ని ఆపే మేడమ్ తానూ పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా నిలబడి పాఠం చెబుతోందన్న సంగతి ఈ చర్చల్లో ఎవరూ తలవరు. తలవాలి.

ఇక గడియ. ఆడపిల్లల టాయిలెట్ తలుపుకు గడియ ఊడిపోయి ఉంటుంది. లోపలికి వెళ్లిన పిల్లకు బయట ఇంకో పిల్ల తలుపు పట్టుకుని నిలబడాలి. క్లాసులో రూలేమో ఒకసారికి ఒక్కరే. తోడు లేకుండా వెళ్లలేని పిల్ల వెళ్లడమే మానుకుంటుంది, లేదా ఇద్దరూ కలిసి అడిగి "కబుర్లకు పోతున్నారా" అనిపించుకుంటారు. కొత్త గడియ బిగించడానికి కొద్దిపాటి డబ్బు చాలు. అది లేక, ఒక మంచి రూలు ఆ పిల్లలకు శిక్షగా మారుతోంది.

నెలసరి రోజుల్లో ఇది ఇంకా కష్టం. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి ప్యాడ్ మార్చుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరులో స్వేచ్ఛ పథకం కింద ఏడో తరగతి నుంచి ఆడపిల్లలకు నెలకు పది ప్యాడ్లు ఇవ్వడం మొదలుపెట్టారు. చేతిలో ప్యాడ్ ఉన్నా, మార్చుకోవడానికి గడియ ఉన్న గది, నీళ్లు, వాడింది పడేయడానికి మూత ఉన్న డబ్బా కావాలి. అన్నిటికంటే ముందు, సోషల్ సార్‌ని నలభై మంది మగపిల్లల ముందు ఆ పిల్ల అడగగలగాలి. "ఎందుకు?" అని సార్ ఎదురడిగితే ఆ పిల్ల ఏం చెబుతుంది? ఎందుకని అడక్కుండా పంపడం ఒక్కటే దీనికి సరైన రూలు. ఆ రోజుల్లో బడికి రాకుండా ఆగిపోయే పిల్లల గురించి మనం బాధపడుతూనే ఉంటాం. వచ్చినవాళ్లను కూర్చోబెట్టి ఆపడం కూడా ఆ బాధలో భాగమే.

ఎవరు, ఎప్పుడు, ఎన్నిసార్లు

మాటిమాటికీ అడిగే పిల్లాడిని తిట్టే ముందు టీచర్ చేయగలిగిన పని ఒకటుంది, అదేమీ కష్టం కాదు. ఓ రెండు వారాలు హాజరు పుస్తకం వెనక ఎవరు ఏ పీరియడ్‌లో అడిగారో గీతలు గీసుకుంటే చాలు. పిల్లలకు చెప్పాల్సిన అవసరం లేదు. రోజూ లెక్కల పీరియడ్‌లోనే అడిగే పిల్లాడి సమస్య మూత్రాశయంలో లేదు, లెక్కల్లో ఉంది. వాడిని ఆపినంత మాత్రాన లెక్కలు రావు, కూర్చోబెట్టుకుని ఏది అర్థం కాలేదో చూడాలి. లంచ్ తర్వాత మాత్రమే అడిగేవాళ్లు మామూలు పిల్లలు. ఇంటర్వెల్ కాగానే అడిగేవాళ్లు లైన్లో మిగిలిపోయినవాళ్లు.

అన్ని పీరియడ్లలో అడిగే పిల్లల విషయంలో ఆగకూడదు. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, తిన్నా బరువు తగ్గడం, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, ఇవి టైప్ 1 డయాబెటిస్ లక్షణాలు. రోజులో ఎక్కువసేపు పిల్లాడిని చూసేది టీచరే కాబట్టి దీన్ని ముందు పసిగట్టే అవకాశం వాళ్లకే ఉంది. అలాంటి పిల్లాడు ఆ పూటే డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. మన ఏజెన్సీ ప్రాంతాల్లో కనిపించే సికిల్ సెల్ అనే రక్త వ్యాధి ఉన్న పిల్లలకు మూత్రం ఎక్కువగా వస్తుంది, వాళ్లు నీళ్లు కూడా బాగా తాగాలి. వాళ్లను ఆపితే వాళ్లు నీళ్లు మానేస్తారు, నీళ్లు మానేస్తే నొప్పులు తిరగబెట్టే ప్రమాదం ఉంది. మూత్రంలో మంట, జ్వరం ఉంటే ఇన్ఫెక్షన్ కావచ్చు. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల్లో కొందరికి ఏ జబ్బూ లేకుండా, ఏదో టెన్షన్ వల్ల, కొన్ని వారాలపాటు పది పదిహేను నిమిషాలకోసారి వెళ్లాలనిపించి దానంతటదే తగ్గిపోతుంది. అమ్మానాన్నల గొడవలు, కొత్త బడి, ఇంట్లో ఒక చావు, ఏదైనా కారణం కావచ్చు. అక్కడ తిడితే టెన్షన్ పెరుగుతుంది తప్ప తగ్గేదేమీ ఉండదు.

ఇలాంటి పిల్లలకు డాక్టర్ చీటీ తెస్తేనే అనుమతి అనే బడులున్నాయి. చీటీ తెచ్చుకోగలిగేది చదువుకున్న తల్లిదండ్రుల పిల్లలే. కూలికెళ్లే తల్లి నోటిమాటగా చెప్పినా చాలనాలి.

అడ్డూఅదుపూ లేకుండా వదిలేయమని నేను అనడం లేదు. వెళ్లాలా వద్దా అన్నది పిల్లల శరీరం తేల్చాలి, ఎలా వెళ్లాలన్నది టీచర్ తేల్చాలి. తలుపు దగ్గర మేకుకు ఒక అట్టముక్క వేలాడదీస్తే సరిపోతుంది. అట్ట ఉంటే తీసుకుని వెళ్లడం, లేకపోతే ఎవరో బయట ఉన్నారని అర్థం. అడగనక్కర్లేదు, పాఠం ఆగదు, ఒకరికి మించి బయట ఉండరు. ఆడపిల్లలకు గడియ బాగయ్యేదాకా ఇద్దరికి ఒక అట్ట. ఒకటి, రెండు తరగతుల్లో ఇంటర్వెల్‌కు ఐదు నిమిషాల ముందే అందరినీ వరుసగా తీసుకెళ్తే ఆ తర్వాత చేతులెత్తేవాళ్లు బాగా తగ్గుతారు. తిరిగి రావడానికి పది నిమిషాలు దాటితే అప్పుడు అడగాలి. అదీ అందరి ముందూ కాదు, పీరియడ్ అయ్యాక. అమెరికాలో కొందరు టీచర్లు, క్లాసులోంచి వెళ్లడానికి ఇచ్చే టాయిలెట్ పాసులు వాడకుండా మిగుల్చుకున్నవాళ్లకు అదనపు మార్కులు కలుపుతారు. ఆపుకోవడానికి బహుమతి ఇవ్వడం అది, మనకు వద్దు. 2023 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లో కొన్ని బడులు క్లాసు టైంలో టాయిలెట్లకు తాళాలు వేస్తే పిల్లలు ఆవరణల్లోకి వచ్చి నిరసన తెలిపారు. అక్కడి బడులు చెప్పిన కారణాలూ పొగ, అల్లరి, క్లాసులు ఎగ్గొట్టడమే. కొందరు చేసిన పనికి అందరి అవసరాన్నీ మూసేస్తే అల్లరి తగ్గదు, కోపం పెరుగుతుంది.

అనుమతి నిరాకరించి, పిల్ల బట్టలు తడుపుకున్నాక క్లాసు ముందు నిలబెట్టడం మాత్రం రూలు పరిధి దాటిన విషయం. విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 శారీరక శిక్షనే కాదు, మానసిక వేధింపునూ నిషేధించింది. ఇది ఆ కిందకే వస్తుందని నా అభిప్రాయం.

కడిగేది ఎవరు

టాయిలెట్ శుభ్రంగా ఉంటే పిల్లలు ఇంటర్వెల్‌లో వెళ్తారు, కంపు కొడితే భరించలేనంత వచ్చేదాకా ఆగి క్లాసులో అడుగుతారు. అందుకే కడిగే మనిషి సంగతి క్లాసు రూళ్ల చర్చలోకి రావాలి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడులను బాగుచేసే నాడు-నేడు పనుల తర్వాత బడుల్లో ఆయాలను పెట్టారు. నెలకు 6,000 రూపాయల గౌరవ వేతనం. 2021లో, పిల్లల్ని బడికి పంపే తల్లులకిచ్చే అమ్మఒడి సాయం 15,000 రూపాయల్లోంచి వెయ్యి మినహాయించి టాయిలెట్ల నిర్వహణ నిధిలో వేశారు. తల్లులే ఆ డబ్బు కట్టినట్టు లెక్క, కాబట్టి అడిగే హక్కు వాళ్లకు పూర్తిగా ఉంది. తెలంగాణలో స్కావెంజర్లను తీసేశాక బడులు చాలాకాలం గ్రామపంచాయతీ కార్మికుల దయ మీద నడిచాయి. 2024లో పిల్లల సంఖ్యను బట్టి నెలకు 3,000 నుంచి 20,000 రూపాయల దాకా పారిశుద్ధ్యానికి ఇవ్వాలని నిర్ణయించారు. ముప్పై మందిలోపు పిల్లలున్న బడికి వచ్చే మూడు వేలకు రోజూ వచ్చి రెండు పూటలా కడిగే మనిషి దొరకడం కష్టం. డబ్బు ఆలస్యమైతే ఆ మనిషి కూడా రారు.

మనిషి లేని చోట ఆ పని పిల్లల మీద పడుతుంది, అదీ అందరి మీదా కాదు. దళిత పిల్లలతో టాయిలెట్లు, గుంటలు శుభ్రం చేయించిన ఘటనల్లో తమిళనాడులో 2022లోనూ, కర్ణాటకలో 2023లోనూ అరెస్టుల దాకా వెళ్లింది. బడి శుభ్రతను పిల్లలకు నేర్పాలంటే వాడాక నీళ్లు పోయడం, సబ్బుతో చేతులు కడుక్కోవడం నేర్పాలి. కడగడం జీతం తీసుకునే పెద్దవాళ్ల పని.

ఇందులో కొన్ని పనులకు డబ్బు కావాలి, కొన్నిటికి అక్కర్లేదు. ఆరు, ఏడు తరగతులకు ఒక ఇంటర్వెల్, ఎనిమిది నుంచి పది దాకా పావుగంట తర్వాత ఇంకోటి పెడితే అవే ఆరు గదులు రెట్టింపు మందికి అందుతాయి. ఇంటర్వెల్‌ను పది నుంచి పదిహేను నిమిషాలకు పెంచి, ఆ ఐదు నిమిషాలూ అసెంబ్లీలోంచి తీసుకోవచ్చు. తాళం తీసే మనిషి పేరు, ఆ మనిషి రాకపోతే తీసేవాళ్ల పేరు నోటీసు బోర్డు మీద రాయొచ్చు. చట్టం ప్రకారం ప్రభుత్వ బడుల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు. కాబట్టి ఇది ఆ కమిటీ ముందు పెట్టాల్సిన విషయమే. ప్రైవేట్ బడుల్లో అలాంటి కమిటీ ఉండదు కాబట్టి, అడ్మిషన్ కోసం వెళ్లినప్పుడు కంప్యూటర్ ల్యాబ్‌తో పాటు టాయిలెట్లు కూడా చూపించమని అడగాలి. ఎక్కడైనా సరే ఈ మాట జూన్‌లో, టైంటేబుల్ వేసేటప్పుడే ఎత్తాలి. బెల్ టైమింగ్స్ ఖరారై స్టాఫ్ రూమ్ గోడకు అంటించాక ఏడాది మధ్యలో మార్చమంటే ఏ హెచ్ఎం అయినా వచ్చే ఏడాది చూద్దాం అంటారు.